సరిహద్దు దాటి వచ్చే తుపాకులు

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో చదువుతున్నాడు. అక్కడ తుపాకీ చట్టాలు కఠినమంటారు కదా, మరి దక్షిణ, పశ్చిమ పేటల్లో కాల్పులు ఆగవేం? చట్టం వల్ల ఉపయోగం లేనట్టేనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చట్టం పనిచేయక కాదండీ, అది రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. షికాగో ఉన్న ఇలినాయి రాష్ట్రంలో తుపాకీ కొనాలంటే ప్రభుత్వ కార్డు ఉండాలి, కొన్నాక 72 గంటలు ఆగాలి. కారులో గంటలోపు చేరుకోగల పొరుగు రాష్ట్రం ఇండియానాలో ఈ రెండూ అక్కర్లేదు, పైగా ప్రైవేటు వ్యక్తి అమ్మితే కొనేవాడి నేరచరిత్రను తనిఖీ చేయాల్సిన పనీ లేదు. దుకాణంలోనైతే బినామీ దారి ఉంది: పోలీసు రికార్డులో మచ్చలేని ఒకడు ‘ఇది నాకే’ అని ఫారం మీద సంతకం పెట్టి, బయట పార్కింగులో దాన్ని వేరొకడి చేతిలో పెడతాడు. ఈ బినామీ కొనుగోలును ప్రత్యేక ఫెడరల్ నేరంగా చేర్చి, 15 ఏళ్ల వరకు జైలుశిక్ష పెట్టింది 2022లోనే. ఎంత ఆలస్యమో చూడండి! షికాగో నగరం 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2013–16 మధ్య అక్కడి పోలీసులకు దొరికి, మూలం తెలిసిన తుపాకుల్లో సుమారు 60 శాతం బయటి రాష్ట్రాలలో అమ్ముడైనవి, మొత్తం మీద ఇండియానా వాటాయే 21 శాతం. అయితే తక్కినవి ఇలినాయి దుకాణాలలోనే అమ్ముడయ్యాయి కనుక, తప్పంతా పొరుగు రాష్ట్రానిదే అనడానికి వీల్లేదు.