ఊరికే ఇచ్చే పేపరు మీద పాఠకుల మాట ఎలా వినాలంటే

అమ్మాయీ,

నీ మెయిలు చదివాను. క్యాంపస్‌లో మీ పిల్లలంతా కలిసి తెచ్చి ఊరికే పంచిన పేపరు రెండు సంచికల మీద గూగుల్ ఫారం పెట్టి అభిప్రాయం అడిగితే, దాదాపు అందరూ 'బాగుంది', 'సూపర్', 'కంటిన్యూ చేయండి' అని రాశారనీ, అయినా హాస్టల్ మెట్ల మీద మీ పేపర్లు పడి ఉంటున్నాయనీ, ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. మెట్ల మీద పడి ఉన్నవాటినే నమ్ము. ఫారం నింపింది మీ స్నేహితులు, మిమ్మల్ని నొప్పించడం వాళ్లకు ఇష్టం ఉండదు.

డబ్బిచ్చి పేపరు వేయించుకునేవాడికి నచ్చకపోతే వచ్చే నెల నుంచి వద్దని పేపరబ్బాయికి చెప్పేస్తాడు, ఆ సంగతి లెక్కల్లో తెలిసిపోతుంది. ఉచిత పేపరును మానేయాల్సిన పనే లేదు. చేతిలో పెడితే తీసుకుంటాడు, నచ్చకపోతే పక్కన పడేస్తాడు, మీకు ఒక్క మాటా చెప్పడు. కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే నచ్చిందని అనుకోకు. పాఠకుడు మీ దగ్గరికి రాడు, మీరే వాడున్న చోటికి పోవాలి.

ముందు కట్టల లెక్క రాయడం మొదలుపెట్టండి. ఎక్కడ ఎన్ని పెట్టారు, మూడో రోజుకు ఎన్ని మిగిలాయి, ఒక నోటుబుక్కులో చాలు. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీ, బాలాజీ కాలనీ టీ అంగడి, ఆర్టీసీ బస్టాండు, ఎం.ఆర్.పల్లి వైపు హాస్టళ్లు, ఒక్కో చోటికీ ఒక్కో వరస. ఈ పని పంచే పిల్లాడికి అప్పజెప్పకుండా రాసేవాళ్లే వంతులు వేసుకుని పోవాలి. ఒకటి గుర్తుపెట్టుకో, కట్ట మొత్తం అయిపోయిందంటే చదివారని కాదు, బజ్జీలు పొట్లం కట్టడానికి పోయిందేమో అంగడాయన్నే అడగాలి, ఆయన దాపరికం లేకుండా చెప్తాడు. నేను తిరుపతిలో ఉచిత వారపత్రిక నడిపినన్నాళ్లూ లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ జనం చేతుల్ని చూసేవాణ్ని. చాలామంది చివరి పేజీ ముందు తిప్పుతారు. కొందరు హెడ్డింగులు చూసి బెంచీ మీదే వదిలేస్తారు. మడిచి సంచిలో పెట్టుకున్నవాణ్ని చూస్తే మాత్రం వదలకుండా పోయి పలకరించేవాణ్ని, అందులో ఏది ఇంటికి తీసుకుపోతున్నాడో తెలుసుకోవాలి కదా.

'మా పేపరు ఎలా ఉంది' అని మాత్రం అడగొద్దు. ముఖం మీద అడిగితే మన ఊళ్లో ఎవరైనా బాగుందనే అంటారు. 'పోయిన సంచికలో ఏం చదివారో ఏదైనా గుర్తుందా' అని అడిగి నోరు మూసుకుని ఉండు. గుర్తు లేదంటే అదీ జవాబే, రాసుకో. తర్వాత 'ఎక్కడ ఆపేశారు', 'మీకు కావాల్సింది ఏది లేదు' అని అడుగు. వాళ్లు చెప్పేది తప్పనిపించినా వాదించొద్దు, ఒక్కసారి వాదించావంటే ఆ మనిషి ఇంకెప్పుడూ నీకు నిజం చెప్పడు. అడిగేది కూడా మీ డిపార్టుమెంటు వాళ్లనే కాదు. చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్లల్ని అడుగు, మెస్సులో వంట చేసేవాళ్లను, వాచ్‌మన్‌ను, పద్మావతి మహిళా యూనివర్సిటీ అమ్మాయిల్ని అడుగు. గ్రూప్స్‌కూ డీఎస్సీకీ లైబ్రరీలో పొద్దస్తమానం కూర్చునే పిల్లలు కాగితం మీద చదివే అలవాటున్నవాళ్లు, వాళ్లు మీ పేపరు ముట్టుకోవడం లేదంటే కారణం గట్టిదే అయి ఉంటుంది.

2024 డిసెంబరులో టీటీడీ స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం మళ్లీ మొదలుపెట్టినప్పుడు, టోకెన్లు ఎక్కడ ఇస్తారు, ఏ కార్డు చూపించాలి అని ఒక చిన్న బాక్సు వేశాం. కొన్నాళ్ల తర్వాత కొర్లగుంటలో ఒక ఇంటికి పోతే ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. పక్కనే గ్యాస్ ఏజెన్సీ నంబరు, పిల్లవాడి టీకాల తేదీలు. ఆ ఇంటావిడకు మా సంపాదకీయం ఒకటుందనే తెలియదు. 'మిగతాదంతా పెద్దోళ్ల ఫోటోలే కదన్నా' అంది. నువ్వు మీ రెండో సంచిక తిరగేసి చూడు. ప్రారంభోత్సవాలు, సన్మానాలు, ప్రిన్సిపాల్ గారు జ్యోతి వెలిగించడం ఎన్ని ఫోటోలున్నాయో లెక్కపెట్టు. ఫోటోలో ఉన్నవాళ్లకు తప్ప అవి ఎవరికీ అక్కర్లేదు.

మైలాపూర్ టైమ్స్ అని చెన్నైలో 1994 నుంచి వస్తున్న ఉచిత వారపత్రిక ఉంది, మన ఊరి నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. ఒకసారి సప్తగిరి రైలు ఎక్కి పోయి ఒక కాపీ తెచ్చుకో. మైలాపూరు వీధుల సంగతులే అందులో ముఖ్యం. 1995లో స్వీడన్‌లోని స్టాక్‌హోంలో మెట్రో అనే ఉచిత పేపరు మొదలైంది, దాన్ని భూగర్భ రైలు స్టేషన్లలో పెట్టేవాళ్లు, రైల్లో కూర్చున్న కాసేపట్లో చదివేసేలా చిన్న చిన్న వార్తలు వేసేవాళ్లు. మీ పాఠకుడు మీ పేపర్ని ఎక్కడ కూర్చుని, ఎంతసేపు చదువుతాడో మీకు తెలుసా? తెలిస్తే వార్త ఎంత పొడుగు రాయాలో దానంతట అదే తేలుతుంది. 2001లో అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే పొదుపు సంఘాల మహిళలు విలేకరులై నవోదయం పత్రిక తెచ్చారు. పల్లెలో ఉన్నవాళ్లే పల్లె సంగతులు రాశారు, అందుకే నాకు ఆ పత్రిక అంటే గౌరవం. మీ విలేకరుల్లో హాస్టల్ పిల్లలు ఎంతమంది, బస్సు పిల్లలు ఎంతమంది?

వచ్చిన అభిప్రాయాలన్నీ ఒక్కటే అనుకోవద్దు. సినిమా కబుర్లు పెంచమన్నవాడి మాట విను, రాసుకో, వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. మెస్సులో నీళ్ల గురించి అడిగినవాళ్లు ఇద్దరే అయినా ఆ వార్త వేయాల్సిందే. పేరు తప్పు పడిందనో, తేదీ తప్పనో చెప్తే మాత్రం ఆలోచించేదేమీ లేదు, తర్వాతి సంచికలో అదే పేజీలో, కనిపించే చోట సవరణ వేయండి. ఇంకొకరు మా వైపు మాట అడగలేదని వస్తారు. అలాంటివాళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టు, నిజంగా అడగలేదేమో మీ రిపోర్టరు నోట్సు చూడు. ది హిందూ పత్రిక 2006లో పాఠకుల ఫిర్యాదులు చూడటానికే రీడర్స్ ఎడిటర్ అని ఒకరిని పెట్టింది. మీలోనూ వార్తలు రాయని ఒకరికి ఆ పని ఇవ్వండి. రాసినవాడే తన వార్త మీద ఫిర్యాదు వింటే ముందుగా కోపం వస్తుంది.

తిట్టిన ఉత్తరాన్నే పైన వేయండి, పొగిడింది కింద ఉన్నా పరవాలేదు. అది చూశాకే మిగతావాళ్లు ధైర్యంగా రాస్తారు. రాసినవాళ్ల పేరూ ఫోను నంబరూ మీ దగ్గర ఉండాలి, హాస్టల్ పిల్లలు భయపడితే అచ్చులో పేరు వేయొద్దు, ఆ పేరు వార్డెన్ అడిగినా హెచ్ఓడీ అడిగినా చెప్పొద్దు. ఇందులో మెతకగా ఉండకు తల్లీ, ఒక్క పేరు బయటికి పోయిందంటే మీ పేపరుకు ఇంకెవరూ రాయరు. అలాగని ఉత్తరాల్లో ఉన్నదంతా వేసేయకూడదు. పాఠకుడు రాసినా అచ్చు వేసింది మీరు కాబట్టి పరువునష్టం కేసు మీ మీదికీ వస్తుంది, భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షను. ఆరోపణ ఉంటే అవతలి మనిషిని అడిగి ఆయన జవాబూ పక్కనే వేయండి.

అంతా యాడ్లే అని తప్పకుండా అంటారు. కోచింగ్ సెంటర్ల యాడ్లతోనే ప్రెస్సు బిల్లు కడుతున్నామని ఒక మూల చిన్న బాక్సులో చెప్పేయండి, జనం అర్థం చేసుకుంటారు. వార్తలా కనిపించే యాడ్ వేస్తే మాత్రం క్షమించరు. పైన 'ప్రకటన' అని వేసి చుట్టూ గీత కొట్టించు. యాడ్ ఇచ్చిన హాస్టల్ మీద పిల్లలు ఉత్తరం రాస్తే అదీ వేయాల్సిందే, ఆయన యాడ్ మానేసినా సరే.

అక్షరాల సైజు సంగతి ఎవరూ ఫారంలో రాయరు, పెద్దవాళ్లు కళ్లకు దూరంగా పట్టుకుని చదవడం చూస్తేనే తెలుస్తుంది. పల్చటి న్యూస్‌ప్రింట్ మీద చిన్న సైజు వేస్తే ఒత్తులు ఇంకులో కలిసిపోతాయి. పేజీలు కూర్చే డీటీపీ అతను ఇంకో వార్త పడుతుందని సైజు తగ్గిస్తానంటాడు, ఒప్పుకోవద్దు, వార్తే తగ్గించు.

క్యాంపస్ దాటి ఊళ్లో పంచాలనుకుంటే పేపరు రిజిస్ట్రేషన్ చూసుకోండి. పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి పాత చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, టైటిల్, అంటే పేపరు పేరు కోసం దరఖాస్తు ప్రెస్ సేవా అనే ప్రభుత్వ పోర్టల్లోనే పెట్టాలి.

మూడో సంచిక ఎక్కువ వేయొద్దు. తక్కువ వేసి, మిగిలినవి లెక్కపెట్టి, ఇరవై మందితో నేను చెప్పినట్టు మాట్లాడి, వాళ్లు అన్నది అన్నట్టుగా, మీ మాటలు కలపకుండా రాసి నాకు పంపు. తిట్లు కూడా తీసేయకు. ఆదివారం మధ్యాహ్నం అయితే ఇంటికే వచ్చేయండి అందరూ, నోటుబుక్కు తెచ్చుకోండి, నాలుగో సంచికలో ఏ పేజీ తీసేయాలో కూర్చుని చూద్దాం.

మీ పెదనాయన
తిరుపతి