డోజో ముచ్చట్లు: మా కరాటే గొప్పా, వాళ్ళ తైక్వాండో గొప్పా?

ప్రశ్న: మాస్టారూ, మాది తెనాలి. ఆరేళ్ళ నుంచి షోటోకాన్ కరాటే నేర్చుకుంటున్నా, బ్రౌన్ బెల్ట్. కాలేజీ ఫ్రెండ్స్‌లో ఒకడిది తైక్వాండో, ఇంకొకడు ఈమధ్యే జిమ్‌లో ఎంఎంఏ (గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిపి ఆడేది) మొదలెట్టాడు. ముగ్గురం కలిస్తే చాలు గొడవే. ఎంఎంఏ వాడేమో కటా (ఎదుట మనిషి లేకుండా వరసగా చేసే కరాటే కదలికలు) అంటే డ్యాన్స్ అంటాడు, తైక్వాండో వాడేమో మీవాళ్ళకి కాలు నడుం దాటి లేవదంటాడు, మొన్న టీకొట్టు దగ్గర కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. మా మాస్టరేమో వేరే క్లాసుకెళ్తే ఇక ఇక్కడికి రావొద్దంటారు. మాలో ఎవరు కరెక్టు?

జవాబు: తమ్ముడూ, ఎవరు కరెక్టో చెప్పేముందు ఒకటి విను. గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) రోజు ఇస్త్రీ చేయించి మరీ వేసుకునే ఆ తెల్ల డ్రెస్సు ఉంది చూడు, అది జూడో వాళ్ళది. నడుముకి కట్టే బెల్టూ అక్కడిదే. మీ స్టైల్‌కి మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చినప్పుడు, జూడో పెట్టిన కానో జిగోరో ఆయన్ని పిలిచి తన జూడో స్కూలు కొడోకాన్‌లోనే కరాటే చేసి చూపించమన్నాడు. అప్పటికి కానోకి అరవై దాటాయి, 1882లో పెట్టిన స్కూలు దేశమంతా పాకింది, అయినా ఎక్కడో దీవి నుంచొచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాడు. ఫునాకోషి కూడా తక్కువ తినలేదులే, జూడోలో ఉన్న డాన్ పద్ధతి (బ్లాక్ బెల్ట్ మెట్లు) తీసుకుని 1924లో తన శిష్యులకి బ్లాక్ బెల్టులిచ్చాడు. కానో అయితే కుర్రాడిగా ఉన్నప్పుడు తనకన్నా బరువైనవాణ్ణి పడెయ్యలేక, పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేసి మనిషిని భుజాల మీదకెత్తి పడేసే పట్టు పట్టుకొచ్చాడు. మన తాలింఖానా పహిల్వాన్ల ధోబీ పాట్ (చెయ్యి పట్టి భుజం మీదుగా విసిరెయ్యడం) తెలుసుగా, జూడోలో సెయోయి నాగే అని అచ్చం దానిలాంటిదే ఉంది.

ఇక ఎంఎంఏ వాడి సంగతి. 1993లో మొదటి యూఎఫ్‌సీ (ఎంఎంఏలో పెద్ద పోటీ) గెలిచిన రాయిస్ గ్రేసీది బ్రెజిలియన్ జియు జిట్సు, అంటే కిందపడేసి పట్టు బిగించే విద్య, ఆ విద్య బ్రెజిల్‌కి మోసుకెళ్ళింది కానో స్కూలు మనిషి మయెడా. నీవైపు చెప్పుకోడానికీ ఒకడున్నాడు, 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ బెల్ట్ గెలిచిన ల్యోటో మచీడా చిన్నప్పటి నుంచీ షోటోకానే. అయితే వాడు కిందపడితే ఏం చెయ్యాలో కూడా నేర్చుకున్నాడు, ఆ ముక్క దాచి వాదించకు.

అసలు మీ గొడవలో సగం రూల్స్ తెలియక వచ్చిందే అని నా అనుమానం. ఒలింపిక్ తరహా తైక్వాండో పోటీలో మొహానికి పంచ్ కుదరదు, ఛాతీ కవచం మీద పంచ్ కొడితే 1 పాయింటు, తలకి కాలు తగిలితే 3. మరి వాడు చేతులు కిందకి వదిలేసి కాలు పైకి లేపక ఏం చేస్తాడు? నీ పోటీలోనూ తలకి తన్నితే 3 పాయింట్లే, కాకపోతే మొహం మీదకి కంట్రోల్‌తో వేసే పంచ్‌కి కూడా పాయింటుంది, అందుకే నువ్వు దూరం నుంచి దూకి ఒక్కటి వేసి వెనక్కొచ్చేస్తావు. అది చూసి ఎంఎంఏ వాడు నవ్వుతాడు, వాడి బౌట్‌లో ఒక్క దెబ్బకి రిఫరీ ఆపడు కదా. ఈసారి కూర్చున్నప్పుడు మీ రూల్స్ ఏంట్రా అని మొదలెట్టి చూడు.

నా సంగతీ చెప్తా, పరువు పోతే పోనీ. నేనూ నీలాగే బ్రౌన్ బెల్ట్‌లో ఉన్నప్పుడు ఒక జూడో క్లాసుకెళ్ళా. పద్నాలుగేళ్ళ పిల్లాడు, నా భుజం దాకా కూడా లేడు, కాలరూ చొక్కా చెయ్యీ పట్టుకున్నాడు, పంచ్ వెయ్యాలంటే నా చెయ్యి వాడి దగ్గరే ఇరుక్కుంది, ఆ తర్వాత నాకు కనిపించింది సీలింగ్ ఫ్యాన్. తల తగలకుండా వాడే చొక్కా పట్టి పైకి లాగాడు, లేకపోతే ఆ రోజే అయిపోయేది. రెండు వారాలు నాకు పడటమే నేర్పారు, గడ్డం ఛాతీకి ఆనించి అరచేత్తో మ్యాట్ మీద ఫట్‌మని కొట్టడం. తర్వాత ఆ పిల్లాడే వచ్చి అన్నా మీ పంచ్ అంత దూరం ఎలా వస్తుంది అని అడిగితే తుంటి తిప్పడం చూపించా, వెనక మడమ నేలకి ఆనాలని వాడికి పదిసార్లు చెప్పాల్సొచ్చింది.

మీ మాస్టర్‌ని పూర్తిగా తప్పుపట్టను. నిలబడటమే రాని వైట్ బెల్ట్ పిల్లలు రెండు చోట్లకి తిరిగితే ఏదీ ఒంటికి పట్టదు, అది నిజం. కానీ ఆరేళ్ళ నుంచి నేర్చుకుంటున్నవాణ్ణి ఆపడంలో నాకైతే భయమే కనిపిస్తోంది (ఫీజు భయం కూడా కావచ్చు, ఇది ఆయనకి చూపించకు). దొంగచాటుగా మాత్రం వెళ్ళకు. సార్, కిందపడటం నేర్చుకోవాలనుంది, నెల రోజులు వెళ్ళొస్తా అని చెప్పి చూడు. వద్దంటే వాదించకు, ఎవరి దగ్గరుండాలో తర్వాత ఆలోచించుకుందువు.

మీ ముగ్గురూ తలపడి చూడాలనుకుంటే టీకొట్టు దగ్గర వద్దు బాబూ, మ్యాట్ ఉన్నచోట, పళ్ళకి గార్డు పెట్టుకుని, పెద్దవాళ్ళెవరో ఒకరు చూస్తుండగా చెయ్యండి. రెండు నిమిషాలు నీ రూల్స్, రెండు వాడివి, రెండు వీడివి. మొదటి రౌండు వాళ్ళ రూల్స్‌కే ఇవ్వు.