పెట్టకూ పుంజుకూ మెడ నిండా ఈకలున్నాయి, మరి బోడి మెడ పిల్ల ఎలా పుట్టింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఇంట్లో ఉన్న పెట్టా పుంజూ మామూలు నాటు కోళ్ళే, అయినా ఈ విడత పొదిగిన పిల్లల్లో ఒకటి మెడ మీద ఈకలు లేకుండా, ఇంకొకటి కాలికి ఐదు వేళ్ళతో వచ్చాయి. జబ్బేమో, దిష్టేమో అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. రెండూ కాదండీ. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు. మా దొడ్లో నాటు కోళ్ళు, వనరాజా, కడక్‌నాథ్ రకాల కోళ్ళు ఎప్పుడో కలిసిపోయాయి. ఇలాంటి పిల్లలు మాకు ఏటా పుడుతూనే ఉంటాయి.

ముందు మెడ సంగతి. బోడి మెడ జీన్ (తల్లిదండ్రుల నుంచి పిల్లకు లక్షణాన్ని మోసుకొచ్చేది, తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి) దాక్కునే రకం కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా మెడ మీద తెలిసిపోతుంది. మీ రెండు కోళ్ళకూ అది లేదంటున్నారు కాబట్టి, ఆ పిల్లకు తండ్రి మీ పుంజు కాదు, లేదా గుడ్డే మీ పెట్టది కాదు. పక్కింటి పుంజు గోడ దూకి వచ్చిపోయేది మనం చూడం కదా. పైగా పెట్ట ఒకసారి పుంజుతో కలిస్తే ఆ వీర్యం దాని ఒంట్లో రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. అందుకే ఒకే గంపలో పొదిగిన పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండొచ్చు. సంతలో కొన్న పెట్ట అయితే, మొదట్లో పెట్టే గుడ్లలో పాత యజమాని పుంజు పిల్లలే ఉండొచ్చు.

పిల్లను పట్టుకుని మెడ ముందు వైపు, మేత సంచికి కాస్త పైన చూడండి. అక్కడ చిన్న ఈకల కుచ్చు ఉంటే జీన్ ఒక్క కాపీయే ఉన్నట్టు, అంటే తండ్రి వేరే పుంజయ్యుంటుంది. కుచ్చు లేకుండా దాదాపు నున్నగా ఉంటే రెండు కాపీలు, అంటే తల్లి వైపు నుంచి కూడా వచ్చింది. అలాగైతే వేరే పెట్ట ఎవరూ చూడకుండా మీ గంపలో గుడ్డు పెట్టి పోయిందన్నమాట! మా ఇంట్లో అలా చాలాసార్లు జరిగింది.

ఐదో వేలు లెక్క వేరు. ఆ జీన్ ఒక్క కాపీ ఉన్నా చాలు, కానీ అది ఉన్న కోళ్ళన్నింటికీ వేలు మొలవదు. నాలుగు వేళ్ళ పుంజుకు ఐదు వేళ్ళ పిల్ల పుట్టిందని దాన్ని అనుమానించక్కర్లేదు. అయితే వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, పిల్ల మడమల మీద కూర్చుంటుంటే మాత్రం ఎక్కువగా అది మేతలో బి2 విటమిన్ తక్కువై వచ్చే జబ్బు. దానికి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మెడ కూడా అంతే: పుట్టుకతోనే బోడిగా ఉంటే జీన్. మొదట ఈకలుండి తర్వాత రాలితే పేలో, వేరే కోళ్ళు పొడవడమో అయ్యుంటుంది.

కడక్‌నాథ్ కలిసిన దొడ్లలో ఇంకా తమాషా. ఇది మధ్యప్రదేశ్ ఝాబువా కోడి, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. చర్మం, మాంసం, ఎముకల పైపొర దాకా నల్లబరిచే దాని జీన్ ఒక్క కాపీతోనే పని చేస్తుంది. కానీ మన తెల్ల కాళ్ళ, పసుపు కాళ్ళ నాటు కోళ్ళలో ఆ నలుపును అణిచే ఇంకో జీన్ ఉంటుంది. అది ఆడా మగా తేల్చే లింగ క్రోమోజోమ్‌లలో జెడ్ అనే దాని మీద ఉంది. కోళ్ళలో పెట్ట తన జెడ్ క్రోమోజోమ్‌ను కొడుకులకే ఇస్తుంది. అందువల్ల కడక్‌నాథ్ పుంజును తెల్ల కాళ్ళ పెట్టతో కలిపితే ఆడపిల్లలు బాగా నల్లగా, మగపిల్లలు మసక నలుపుతో వస్తాయి. అదే తెల్ల కాళ్ళ నాటు పుంజును కడక్‌నాథ్ పెట్టతో కలిపితే మామూలుగా అన్నీ మసకే. అంటే నల్లగా ఉన్నంత మాత్రాన అసలు కడక్‌నాథ్ అని నమ్మి డబ్బు పెట్టకండి. మాకు ఒకాయన అమ్మిన "ప్యూర్" పెట్టలకు తర్వాత సగం పిల్లలు తెల్ల చర్మంతో పుట్టాయి.

బోడి మెడ పిల్లను మాత్రం తీసేయొద్దు. దానికి ఒంటి మీద ఈకలు కూడా తక్కువ, రెండు కాపీలుంటే 40 శాతం దాకా తక్కువ. మన ఎండలకు అది వరమే. మే నెలలో మా మిగతా కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతుంటే ఇవి మేత కోసం తిరుగుతుంటాయి. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాళ్ళు కావాలనే ఈ జీన్‌తో హిత్‌కారి అనే పెరటి కోడిని, ఈకలు మెలితిరిగే జీన్‌తో ఉపకారిని తయారు చేశారు. సంతలో చూపుకు బాగోలేదని ధర తగ్గించి అడుగుతారు, అది వేరే సంగతి. చలికాలం రాత్రుల్లో మాత్రం చిన్నప్పుడు గంప మీద గోనెసంచి కప్పండి.

ఈసారి మీ పుంజు పిల్లలే కావాలంటే పెట్టను దానితోనే మూడు వారాలు మూసి ఉంచండి. ఈలోగా పెట్టిన గుడ్లు ఇంట్లో వండుకోండి, ఆ తర్వాత పెట్టినవే పొదిగించండి.