చలికాలం చివర్లో తోటలో చూడ్డానికి ఏముంటుంది?

ఆకులన్నీ రాలిపోయి మొక్కలు ఎండిపోయినట్టు ఉన్నాయి, ఈ రోజుల్లో తోటలో గమనించడానికి ఏముంటుందని అడిగారు. నాకైతే తోట బాగా కనిపించేది ఇప్పుడే, ఎందుకంటే ఆకులు అడ్డం ఉండవు, ఏ కొమ్మ ఎటు వెళ్ళిందో తెలుస్తుంది.

ముందు ఆకు రాలిన ఒక్క కొమ్మని పట్టుకుని దగ్గరగా చూడండి. ఆకు ఊడిన చోట చిన్న మచ్చ ఉంటుంది. దాని ఆకారం ఒక్కో జాతికి ఒక్కో రకం, కొన్నింటిలో గుండె ఆకారం, కొన్నింటిలో సన్నటి గీత. ఆ మచ్చలో చుక్కలు కనబడతాయి, కాండం నుంచి ఆకుకి నీళ్ళు తీసుకెళ్ళిన నాళాలు తెగిన చోట్లు అవి. మచ్చకి సరిగ్గా పైనే మొగ్గ ఉంటుంది. అది ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు, చాలా చెట్లలో పోయినేడు ఆకులు పచ్చగా ఉన్నప్పుడే తయారై, పైన పొలుసులు కప్పుకుని చలి అంతా ఆగింది.

నాకు బాగా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. కొమ్మ చివరి మొగ్గ విచ్చుకున్నప్పుడు దాని పొలుసులు రాలి, ఆ చోట దగ్గర దగ్గరగా ఉంగరాల్లాంటి గీతలు మిగులుతాయి. ఏడాదికి ఒకసారే చిగురు వేసే చెట్లలో, కొస నుంచి మొదటి గీతల దాకా ఉన్న పొడవే పోయినేడు ఆ కొమ్మ పెరిగిన పెరుగుదల. ఇంకా కిందికి వెళ్తే అంతకుముందు ఏడాదిది. ఒక ఏడు జానెడు పెరిగి మరో ఏడు వేలెడు కూడా పెరగలేదంటే ఆ ఏడు నీళ్ళో, ఎండో, పోషకాలో ఏదో తక్కువై ఉండొచ్చు.

కొమ్మ బతికుందో లేదో అని టెన్షన్ పడక్కర్లేదు, గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే.

పొద్దున్నే గడ్డి చూడండి. ఆకంతా సన్నగా పరుచుకున్న తడి మంచే, అది గాలిలోంచి వచ్చింది. కానీ ఆకు కొసన ఒక్క గుండ్రటి బొట్టు నిలబడి ఉంటే, చాలాసార్లు అది వేర్లు రాత్రి పైకి నెట్టిన నీళ్ళు, మొక్క లోపలి నుంచి వచ్చిందే. రెండూ పక్కపక్కనే ఉంటాయి, తేడా ఒకసారి తెలిసిందంటే ఇక ప్రతి పొద్దునా కళ్ళు అక్కడికే వెళ్తాయి.

ఎండుటాకుల్ని మాత్రం మొత్తం ఊడ్చేయకండి, దయచేసి. వాటి కింద అక్షింతల పురుగులు, సాలీళ్ళు చలికి తలదాచుకుంటాయి, బోలు కాడల్లో ఒంటరిగా బతికే తేనెటీగల పిల్లలు ఉండొచ్చు. చిగుళ్ళకి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టే వేళకి దాన్ని తినేది ఆ అక్షింతల పురుగులే. చలి ఎక్కువ ఉండే చోట్ల పేనుబంక గుడ్లు కూడా మొగ్గల మొదట్లో నల్లగా మెరుస్తూ కనిపిస్తాయి, ఆవగింజ కన్నా చాలా చిన్నవి, భూతద్దం ఉంటే మంచిది.

గులాబీలు ఉంటే మొగ్గలు ఉబ్బేదాకా కత్తిరించడం ఆపండి. అప్పుడు ఏ మొగ్గ బయటివైపు చూస్తోందో స్పష్టంగా తెలుస్తుంది, దానికి కొంచెం పైన కోస్తే కొత్త కొమ్మ లోపలికి గుబురు కాకుండా బయటికి పెరుగుతుంది.