నర్తకి వెంట ఆమె రూపాలే: లఘుచిత్రాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నెట్‌లో చూసిన లఘుచిత్రాల్లో నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘పా ద దూ’ మర్చిపోలేకపోతున్నాను. నర్తకి చెయ్యెత్తితే దాని వెనకే మరెన్నో చేతులు విసనకర్రలా విచ్చుకుంటాయి. మా చెల్లి కూచిపూడి నాట్యాన్ని ఫోన్‌తో అలా తీయగలమా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తీయగలరు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు 1968లో నిర్మించిన ఈ 13 నిమిషాల చిత్రంలో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. ఒకే దృశ్యాన్ని ఆప్టికల్ ప్రింటర్‌లో (తీసిన ఫిల్మును మళ్లీ కొత్త ఫిల్ము మీదికి ఎక్కించే యంత్రం) కాస్త కాస్త ఆలస్యంతో పదిసార్ల దాకా ముద్రించారు. ఆ పని ఇప్పుడు ఎడిటింగ్ లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే వీడియో పొరలు చేసిపెడతాయి. లైటింగ్ మాత్రం మీరే చేసుకోవాలి, ఆ చిత్రం అందమంతా అందులోనే ఉంది. చుట్టూ చీకటి, వెనక పక్కల నుంచి వెలుగు. ఒంటి అంచులు సుద్దగీతల్లా మెరుస్తాయి. గీతలు కాబట్టే పది పొరలు పడినా విడివిడిగా కనిపిస్తాయి. ముందు నుంచి లైటు వేశారో, మూడో పొరకే అంతా తెల్లముద్ద.

నల్ల వెల్వెట్ గుడ్డ కట్టి, నర్తకిని దానికి కనీసం 8 అడుగులు ముందు నిలబెట్టండి. నేల మీదా నల్లగుడ్డే పరవాలి, లేకుంటే టైల్స్ మెరుస్తాయి. రెండు ఎల్‌ఈడీ లైట్లు ఆమెకు వెనక, కుడిఎడమల, ఫ్రేముకు బయట భుజాల ఎత్తున పెట్టండి. లెన్సులోకి వెలుగు సూటిగా రాకుండా అట్టముక్క అడ్డు పెట్టండి. నగలు వద్దు, వాటి మెరుపులు చుక్కల వరుసలై మిగులుతాయి. సాదా తెల్లచీర చాలు.

ఫోన్ కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఐఎస్ఓ 400 లోపు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ షట్టర్‌తో లైట్ల మిణుకు పట్టదు. ఫోకస్ లాక్ చేయండి, ఫోన్ ట్రైపాడ్ మీంచి కదలకూడదు.

డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో అదే క్లిప్‌ను పది ట్రాకుల్లో పేర్చి, ఒక్కోటీ దాని కిందిదాని కన్నా 5 ఫ్రేములు ఆలస్యంగా మొదలయ్యేలా జరపండి. పై తొమ్మిదింటికీ కాంపోజిట్ మోడ్ (పొరలు కలిసే తీరు) ‘లైటెన్’ పెట్టండి. ‘స్క్రీన్’ పెడితే వెలుగు కూడుకుని మాడిపోతుంది. చివరి పొర 45 ఫ్రేములు, అంటే 1.8 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అందుకే ప్రతి కదలికకు ముందూ వెనకా రెండేసి సెకన్లు ఆమె శిలలా నిలవాలి. అప్పుడే రూపాలన్నీ ఒంట్లోంచి పుట్టి, తిరిగి ఒంట్లోనే కలుస్తాయి. చూసేవాళ్ల ఊపిరి ఆగేది ఆ కలిసే క్షణంలోనే. వేగమైన జతులకు మాత్రం ఆలస్యం 2 ఫ్రేములకు తగ్గించండి, లేకుంటే రూపాలు ముక్కలుముక్కలుగా తెగినట్టుంటాయి.

ప్రశ్న: పెస్ తీసిన ‘ఫ్రెష్ గ్వాకమోలే’ చూసి స్టాప్‌మోషన్‌లో, అంటే వస్తువుల్ని కాస్త కాస్త కదుపుతూ తీసిన ఫొటోలతో, వంకాయ కూర వండుతున్నాను. వెలుగు ప్రతి ఫొటోకూ మారిపోతోంది.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్‌బ్యాలెన్స్ రెండూ లాక్ చేయండి. కిటికీలు మూసేయండి, మబ్బు ఒకటి అడ్డొస్తే చాలు షాట్ పాడవుతుంది. మీరూ ముదురు రంగు చొక్కా వేసుకుని, ప్రతి క్లిక్కుకూ ఒకేచోట నిలబడండి; తెల్లచొక్కా వెలుగును బల్ల మీదికి విసురుతుంది. సెకనుకు 12 ఫొటోలు సరిపోతాయి, నిమిషానికి 720.

2012 నాటి ఆ చిత్రం రెండు నిమిషాలైనా లేదు. అందులో బేస్‌బాల్ ఉల్లిపాయ అవుతుంది, కత్తి పడగానే పాచికలై రాలుతుంది. ఇంగ్లిషులో చిన్న ముక్కలుగా తరగడానికీ, పాచికలకూ మాట ఒకటే, ‘డైస్’. మనకూ అలాంటి మాట ఉంది: ముక్కలు. వంకాయ మీద కత్తి దిగగానే పేకముక్కలు రాల్చి చూడండి!

ప్రశ్న: ఇలాంటివి చూసి నేర్చుకోవడం ఎలా?
- ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మెక్‌లారెన్ చిత్రాలు ఫిల్మ్ బోర్డు వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1957 నాటి ‘ఎ చైరీ టేల్’తో మొదలుపెట్టండి, దాని సంగీతంలో రవిశంకర్ సితార్ వినిపిస్తుంది. ముందు ఒకసారి శబ్దంతో, తర్వాత మ్యూట్ చేసి చూడండి. యూట్యూబ్‌లోనైతే కంప్యూటర్‌లో వీడియో ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది. పది సెకన్ల ముక్క ఒకటి ఎంచుకుని, ఏ ఫ్రేములో ఏది ఎంత కదిలిందో కాగితం మీద గీసుకోండి.