బోస్నియా అమ్మాయిల పేరు ‘ఎమినా’కు అర్థం ఏమిటి?

ఎమినా అంటే ‘నమ్మదగినది’, ‘నిర్భయంగా, క్షేమంగా ఉన్నది’ అని అర్థం. 1463లో ఒట్టోమన్లు బోస్నియాను జయించిన తరువాత అక్కడి ముస్లిం కుటుంబాలలో వ్యాపించిన అరబ్బీ పేర్లలో ఇదొకటి. ముహమ్మద్ ప్రవక్త తల్లి పేరైన ఆమినా తుర్కీ భాషలో ‘ఎమినె’గా మారి, బోస్నియన్ల నోట ‘ఎమినా’ అయింది. మన కోర్టు అమీనా, అమానతు అనే మాటలు కూడా ఆ అరబ్బీ ధాతువు నుంచే వచ్చాయి.

అయితే ఈ పేరుకు బోస్నియాలో ఉన్న ఆదరానికి అర్థం ఒక్కటే కారణం కాదు. మోస్తార్ నగరానికి చెందిన సెర్బు కవి అలెక్సా శాంతిచ్ (1868–1924) 1902లో ‘ఎమినా’ అనే కవిత రాశారు. స్నానశాల నుంచి ఇంటికి వస్తూ ఇమాము గారి తోట పక్కగా నడిచిన యువకుడికి, మల్లెల నీడలో చేత కూజాతో నిలిచిన ఎమినా కనిపిస్తుంది. అతడు సలాము చేసినా ఆమె పట్టించుకోదు. సనాతన క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి ముస్లిం యువతి అందాన్ని ఇంత ఆర్ద్రంగా కీర్తించడం, ఆ కవితను అన్ని మతాలవారూ తమదిగా పాడుకోవడం నాకు ఎంతో విలువైన విషయంగా తోస్తుంది. అది సెవ్దాలింకా అనే బోస్నియా పట్టణ ప్రేమగీతాల సంప్రదాయంలో కలిసిపోయింది. ‘సెవ్దా’ అంటే తుర్కీలో ప్రేమ. దాని అరబ్బీ మూలానికి నల్లని పిత్తం, అంటే విషాదం, అని అర్థం. మోస్తార్‌లో కూజా పట్టుకున్న ఎమినా విగ్రహం కూడా ఉంది.