ఘర్షణా? రాపిడా?

సందేహం: ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి సైన్సు పుస్తకంలో ‘ఘర్షణ’ అని ఉంది. పేపర్లలో ఈ మాట కొట్లాటలకు కదా వాడతారు? ‘రాపిడి’ అంటే సరిపోదా? ‘ఘర్షణ బలం’ అనాలా, ‘ఘర్షణా బలం’ అనాలా?

సమాధానం: ఘర్షణకు మొదటి అర్థం ఒరిపిడే. సంస్కృతంలో ‘ఘృష్’ అంటే రుద్దడం, అరగదీయడం. రెండు వర్గాలు తలపడటం ఆ తర్వాత వచ్చిన అర్థం.

అయినా సైన్సులో రాపిడి చాలదు. రాపిడి ఒక పని. సానమీద గంధం తీస్తున్నప్పుడు జరిగేది అదే. చెయ్యి ఆపితే అదీ ఆగుతుంది. ఘర్షణ ఒక బలం. కదలిక లేకపోయినా ఉంటుంది.

ఇంట్లో 50 కిలోల బీరువా ఉందనుకోండి. నేలకూ దానికీ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు బలం దాటితే కదులుతుందో చెప్పే సంఖ్య) 0.4 అయితే, అది కదలాలంటే సుమారు 200 న్యూటన్ల బలం దాటాలి. మీరు 100 న్యూటన్లతో నెడితే నేల కూడా సరిగ్గా 100తోనే అడ్డుకుంటుంది. 150తో నెడితే 150తో! ఏదీ రాసుకోలేదు, అరగలేదు, కానీ బలం ఉంది. దీన్నే ‘స్థైతిక ఘర్షణ’ అంటారు. ‘కదలని రాపిడి’ అంటే అతకదు కదా. హద్దు దాటి బీరువా జారడం మొదలయ్యాక సాధారణంగా ఘర్షణ కాస్త తగ్గుతుంది.

ఆ హద్దు ఎంతన్నది తాకుతున్న తలాలు ఎలాంటివి, అవి ఎంత గట్టిగా అదుముకుంటున్నాయి అన్నవాటిని బట్టి ఉంటుంది. అందుకే బీరువాలో ఉన్న బట్టలు తీసేస్తే అది తేలిగ్గా జరుగుతుంది. నిలబెట్టినా పడుకోబెట్టినా మాత్రం పెద్దగా తేడా రాదు. ఫ్రాన్సుకు చెందిన శాస్త్రవేత్త అమోంతోన్ 1699లోనే ఈ సంగతి చెప్పాడు. నున్నగా కనిపించే తలాల మీద కూడా సన్నటి ఎత్తుపల్లాలుంటాయి. నిజంగా తాకేవి కొన్ని చోట్లే. ఆ తాకిడి అదుముడు పెరిగితే పెరుగుతుంది. ‘గరుకైతే ఘర్షణ ఎక్కువ’ అని పిల్లలకు నేర్పేది కూడా అన్నిచోట్లా నిలవదు. బాగా శుభ్రం చేసి నునుపు పెట్టిన లోహాలు గాలి లేనిచోట తాకితే ఏకంగా అతుక్కుపోగలవు.

ఇక మీ చివరి ప్రశ్న. మూలపదం ‘ఘర్షణం’ నపుంసకలింగం. కాబట్టి దీర్ఘం అక్కర్లేదు. ‘ఘర్షణ బలం’ అనే రాయించండి.